ఫార్వర్డా, హాఫా, బ్యాకా, గోలీయా: హాకీ ఆడే పిల్లల పొజిషన్, భవిష్యత్తు అంచనా వేయడం ఎలా?

స్కూల్ టోర్నమెంట్లలో గోల్స్ కొడుతున్న పిల్లాణ్ణి కోచ్ ఒకరోజు బ్యాక్‌లో నిలబెడతాడు. ఇంట్లో రచ్చ మొదలవుతుంది. వాడి ఆట పాడుచేస్తున్నారని నాన్నకు కోపం, సార్‌కు తెలియదా అని అమ్మకు నమ్మకం. ఈలోగా ఇంకో పీఈటీ సార్ వచ్చి "వీడు పొడుగ్గా ఉన్నాడు కదా, గోలీగా పెట్టండి" అని సలహా పారేసి వెళ్తాడు. పిల్లాడికి మాత్రం ఎవరి మాట వినాలో అర్థం కాక టెన్షన్.

11 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, హాకీ తమ సొంత ఆట కాకపోయినా స్కూల్లో హాకీ నేర్పాల్సి వచ్చిన పీఈటీల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఎన్ని గోల్స్ కొడుతున్నాడు, ఎంత బాగా డ్రిబుల్ చేస్తున్నాడు అన్నవి పొజిషన్ గురించి చెప్పేది తక్కువ. బంతి తన దగ్గరికి రావడానికి ముందు ఏం చూస్తున్నాడు, బంతి పోగొట్టుకున్న వెంటనే ఏం చేస్తున్నాడు, ఈ రెండూ చాలా చెబుతాయి. పెద్దయ్యాక ఆట డబ్బు తెచ్చిపెడుతుందా లేదా అన్నది కూడా పొజిషన్ మీద కంటే, ఆ పొజిషన్‌తో పాటు ఇంకో పని వచ్చా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ముందు దేన్ని చూడాలి

అన్నిటికంటే ముందు ఫస్ట్ టచ్. వేగంగా వచ్చిన పాస్‌ను స్టిక్ మీదికి తీసుకున్నప్పుడు బంతి ఎక్కడ ఆగుతోంది? కాళ్ల కింద ఆగితే తర్వాతి పని ఆలస్యమవుతుంది. ఒకటి రెండు అడుగుల దూరంలో, తాను వెళ్లాలనుకున్న దిక్కుకే ఆగితే ఆ పిల్ల ఆలోచన బంతి కంటే ముందుంది. ఇది ఏ పొజిషన్‌కైనా పునాది. ఇది లేని ఫార్వర్డ్ పెద్ద మ్యాచ్‌లో కనిపించడు, ఇది లేని బ్యాక్ జట్టును ముంచుతాడు.

రెండోది తల ఎత్తి చూడటం. పాస్ తన వైపు వస్తుండగానే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసే అలవాటు ఉందా? 12 ఏళ్లకే ఈ అలవాటున్న పిల్లలు తక్కువ. ఉన్నవాళ్లను హాఫ్‌లో, అంటే మైదానం మధ్యలో, పెట్టి చూడకపోతే తప్పే.

మూడోది, బంతి పోయాక. కొందరు నడుం మీద చేతులు పెట్టుకుని అంపైర్ వైపు చూస్తారు. కొందరు వెంటనే వెనక్కి తిరిగి పరుగెత్తి, తీసుకున్నవాడి స్టిక్ మీద పడతారు. ఇంకో రకం కూడా ఉంటుంది: బంతి వెనక పరుగెత్తకుండా, బంతికీ మన గోల్‌కీ మధ్య ఉన్న ఖాళీలోకి వెళ్లి నిలబడతారు. ఈ మూడో రకం పిల్లలు డిఫెండర్లుగా పుట్టినవాళ్లు, వాళ్లకే ఆ సంగతి తెలియదు.

ఇక వేగం. "ఫాస్ట్‌గా పరుగెత్తుతాడు" అంటే సరిపోదు. మొదటి ఐదు మీటర్ల వేగం వేరు, 40 మీటర్ల వేగం వేరు, 15 నిమిషాల క్వార్టర్ నాలుగోసారి ఆడుతున్నప్పుడు మిగిలే వేగం వేరు. మొదటిది డీలో (గోల్ ముందు గీసిన అర్ధవృత్తంలో) పనికొస్తుంది, రెండోది వింగ్‌లో (మైదానం అంచున), మూడోది మధ్యలో.

మైదానం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అంచనాలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది పిల్లలు మట్టి గ్రౌండ్ మీద ఆట మొదలుపెడతారు. మట్టి మీద బంతి ఎగిరెగిరి పడుతుంది, పాస్ నమ్మలేం, అందుకే బంతి దగ్గర పెట్టుకుని డ్రిబుల్ చేసేవాడే హీరో. అదే పిల్లాణ్ణి గచ్చిబౌలిలోనో కాకినాడలోనో టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీదికి తీసుకెళ్తే కథ మారిపోతుంది. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద బంతి జారినంత వేగంగా ఏ కాళ్లూ జారవు. అక్కడ పాస్ చేసేవాడు గెలుస్తాడు, డ్రిబుల్ చేసేవాడు ఇద్దరి మధ్య ఇరుక్కుంటాడు. మట్టి మీద చూసి పొజిషన్ ఖాయం చేయకండి. కనీసం కొన్ని వారాలు టర్ఫ్ మీద ఆడనిచ్చి, మళ్లీ చూడండి. మట్టి మీద మామూలుగా కనిపించిన పిల్లలు టర్ఫ్ మీద వికసించడం, స్టార్లు అనుకున్నవాళ్లు నీరుగారడం రెండూ మామూలే.

చివరగా వయసు. అండర్-14లో గడ్డం మొలుస్తున్నవాడూ, ఇంకా గొంతు మారనివాడూ ఒకే జట్టులో ఉంటారు. ముందుగా ఎదిగినవాడు హిట్ బలంతో, భుజబలంతో గోల్స్ కొడతాడు. మిగతావాళ్లూ ఎదిగాక 17 ఏళ్లకు ఆ తేడా మాయమవుతుంది. చిన్నగా ఉండి, బలం చాలక, తెలివితో తప్పించుకోవడం నేర్చుకున్నవాడి దగ్గర అప్పటికి రెండు ఆయుధాలుంటాయి. అందుకే పిల్లల బలం చూసి ఆనందించండి గానీ, లెక్కలోకి తీసుకోకండి.

ఫార్వర్డ్

అందరూ కోరుకునేది, అందుకే పోటీ ఎక్కువ. డీలోపల ఫార్వర్డ్‌కు దొరికే సమయం సెకను కంటే తక్కువ. నిలబడి, సర్దుకుని, స్టిక్ వెనక్కి ఎత్తి కొట్టే పిల్లాడు స్కూల్ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టవచ్చు, జాతీయ స్థాయిలో ఆ స్టిక్ ఎత్తేలోపే బంతి ఉండదు. చూడాల్సింది డిఫ్లెక్షన్లు (వచ్చే బంతిని తాకించి గోల్‌లోకి మళ్లించడం), రీబౌండ్లు, రివర్స్ షాట్లు (స్టిక్ తిప్పి ఎడమవైపు నుంచి కొట్టడం). గోలీ కాలికి తగిలి వచ్చిన బంతి దగ్గర ఎప్పుడూ ఒకే పిల్లాడు ఉంటున్నాడంటే అది అదృష్టం కాదు.

కుడి, ఎడమ తేడా చాలామంది పట్టించుకోరు. హాకీ స్టిక్‌కు ఒకవైపే చదును, ఎడమచేతి వాటం వాళ్లకు వేరే స్టిక్ ఉండదు. కుడి వింగ్‌లో పరుగెత్తేవాడు ఫోర్‌హ్యాండ్‌తో నేరుగా గోల్ ముందుకు క్రాస్ చేయగలడు. ఎడమ వింగ్‌లో ఉన్నవాడు ఒళ్లంతా తిప్పాలి, లేదా రివర్స్‌తో కొట్టాలి. కాబట్టి రివర్స్ హిట్ బాగా వచ్చిన పిల్లను ఎడమవైపు వాడుకోవడం తెలివి. అన్నట్టు, ఎడమచేతి వాటం పిల్లలు హాకీకి పనికిరారని భయపడకండి. స్టిక్‌ను తిప్పేది పైన పట్టుకున్న ఎడమ చేయే, అది వాళ్లకు కలిసొచ్చే విషయం.

ఫార్వర్డ్‌ల ప్రతిభ త్వరగా బయటపడుతుంది. హరియాణాలోని షాహాబాద్ నుంచి వచ్చిన రాణీ రాంపాల్ 2010 ప్రపంచకప్‌లో 15 ఏళ్లకే ఆడి 7 గోల్స్ కొట్టింది. అలాంటివాళ్లు ఉంటారు, కానీ వాళ్లను చూసి మన పిల్లల గడియారం సరిచేసుకోకూడదు. హైదరాబాద్ నుంచి మూడు ఒలింపిక్స్ (1992, 1996, 2000) ఆడిన ముకేశ్ కుమార్ కూడా ఫార్వర్డే. మన దగ్గర ఈ పొజిషన్‌కు ఉన్న మోజుకు ఆయన పేరూ ఒక కారణం కావచ్చు.

ఇందులో నష్టమేమిటంటే, గోల్స్ రాని రోజు ఫార్వర్డ్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ట్రయల్స్‌లో పది నిమిషాలు బంతి రాకపోతే అంతే సంగతి. అందుకే ప్రత్యర్థి బ్యాక్‌లను వెంటాడి తప్పు చేయించడం వచ్చిన ఫార్వర్డ్‌కు విలువ. బంతి రాకపోయినా సెలెక్టర్ కంట్లో పడేది ఆ పనే.

హాఫ్, మిడ్‌ఫీల్డ్

ఇది తేలికగా కనిపించే కష్టమైన పొజిషన్. గోల్స్ కొట్టరు, గోల్స్ ఆపినట్టు కూడా కనిపించరు. స్కూల్ స్థాయిలో మిగిలినవాళ్లను తోసేసే చోటు ఇదే. పై స్థాయిలో మాత్రం జట్టు మొత్తం వీళ్ల చుట్టూ తిరుగుతుంది. 2023కి అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఉత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్న హార్దిక్ సింగ్ మిడ్‌ఫీల్డరే. 2024 హాకీ ఇండియా లీగ్ వేలంలో అతనికి 70 లక్షలు పలికింది.

మీ పిల్ల ఇందుకు సరిపోతుందా తెలుసుకోవాలంటే ఒక మ్యాచ్ మొత్తం బంతిని చూడకుండా ఆమెనే చూడండి. బంతి కుడివైపు ఉన్నప్పుడు తానెక్కడుంది? మన బ్యాక్ చేతిలో బంతి ఉన్నప్పుడు పాస్ తీసుకోవడానికి వీలైన కోణంలోకి కదులుతోందా, లేక ప్రత్యర్థి వీపు వెనక దాక్కుంటోందా? బంతి తీసుకునేటప్పుడు రెండు వైపులా కనిపించేలా పక్కకు తిరిగి తీసుకుంటోందా? ఈ మూడింటికీ జవాబు బాగుంటే, డ్రిబ్లింగ్ అంతంతమాత్రంగా ఉన్నా ఫరవాలేదు. నేర్పితే డ్రిబ్లింగ్ వస్తుంది. ఆట చదవడం 16 ఏళ్లు దాటాక నేర్పడం చాలా కష్టం.

రెండు పొజిషన్ల మధ్య ఊగిసలాడుతుంటే హాఫ్‌వైపే మొగ్గండి అని చెబుతాను. ఇక్కడ ఆడినవాడు రేపు ముందుకూ వెళ్లగలడు, వెనక్కీ రాగలడు. ఇక్కడ నేర్చుకునే పాసింగ్, ట్యాక్లింగ్ రెండూ ఎక్కడికెళ్లినా వెంట వస్తాయి. కోచ్ మీ పిల్లాణ్ణి ముందు నుంచి మధ్యకు తెస్తే అది శిక్ష అనుకోకండి.

బ్యాక్, డిఫెండర్

డిఫెండర్‌లో మొదట కావాల్సింది ఓపిక. స్టిక్ విసరకుండా, ప్రత్యర్థిని తన ఫోర్‌హ్యాండ్ వైపుకు మళ్లిస్తూ, సైడ్‌లైన్‌కు నెట్టి, బంతి కాస్త దూరమైన క్షణంలో ట్యాకిల్ చేసేవాడు కావాలి. దూకే పిల్లాడు గ్రౌండ్‌లో చప్పట్లు తెచ్చుకుంటాడు, కోచ్‌కు బీపీ తెస్తాడు.

లెఫ్ట్ బ్యాక్ పని రైట్ బ్యాక్ పని కంటే చిక్కు. ఎడమ గీత వెంబడి దూసుకొచ్చే వింగర్ బ్యాక్ రివర్స్ వైపు నుంచి దాటుతాడు. ఆ వైపు ట్యాకిల్ చేయడానికి మణికట్టు, కాళ్ల కదలిక రెండూ బాగుండాలి. అందుకే మంచి లెఫ్ట్ బ్యాక్‌లు అరుదు, దొరికితే జట్టులో చోటు గట్టిగా ఉంటుంది. చిన్న సలహా: మీ పిల్లాడు ఏ వైపు ఆడాలో తేల్చుకోలేని డిఫెండర్ అయితే, ఎడమవైపు అలవాటు చేయండి.

ఇప్పటి హాకీలో బ్యాక్ అంటే ఆపి కొట్టేవాడు మాత్రమే కాదు. ఆట మొదలయ్యేది వాళ్ల స్టిక్ నుంచే. సగం మైదానం దాటించే గాలి పాస్ వచ్చినవాళ్లకు, ఒత్తిడిలో కూడా మధ్యలోకి నేలపాస్ ఇవ్వగలిగినవాళ్లకు గిరాకీ. ఫార్వర్డ్‌గా మొదలైనవాళ్లు ఇక్కడ రాణించడానికి కారణం ఇదే, వాళ్లకు బంతితో భయం ఉండదు. హిసార్ అమ్మాయి ఉదిత మొదట హ్యాండ్‌బాల్ ఆడేది. హాకీలోకి వచ్చి ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత డిఫెండర్‌గా మారి, టోక్యో ఒలింపిక్స్ ఆడింది. తొలి మహిళల లీగ్ వేలంలో అందరికంటే ఎక్కువగా 32 లక్షలు పలికింది ఆమెకే. బ్యాక్‌లో పెట్టారని ఏడ్చే పిల్లకు ఈ కథ చెప్పండి.

గోల్‌కీపర్

"పొడుగ్గా ఉన్నాడు కాబట్టి" లేదా "పరుగెత్తలేడు కాబట్టి" గోలీ. మన స్కూళ్లలో ఎంపిక ఇలాగే జరుగుతుంది. ఎత్తు సాయం చేస్తుంది, నిజమే. పరుగెత్తలేకపోవడం మాత్రం ఏ విధంగానూ సాయం చేయదు. గోలీకి కాళ్లలో విస్ఫోటం లాంటి చురుకు కావాలి, ధైర్యం కావాలి, అన్నిటికంటే గోల్ తిన్న తర్వాతి నిమిషం మామూలుగా ఉండగలగాలి. 11 ఏళ్ల పిల్లాడిలో చివరిది తెలుసుకోవడం తేలికే: గోల్ పడ్డాక బ్యాక్‌ల మీద అరుస్తున్నాడా, తల దించుకుంటున్నాడా, లేక వాళ్లను మళ్లీ ఎక్కడ నిలబడాలో చెబుతున్నాడా?

భారత గోలీ శ్రీజేశ్ కేరళలో స్పోర్ట్స్ స్కూల్‌కు వెళ్లేనాటికి షాట్‌పుట్, వాలీబాల్, లాంగ్‌జంప్ చేసేవాడు. 12 ఏళ్లకు కోచ్ మాట మీద గోల్‌కీపింగ్‌లోకి వచ్చాడు. 2006లో సీనియర్ జట్టులోకి అడుగుపెట్టినా, ఏడ్రియన్ డిసౌజా, భరత్ ఛెత్రిల వెనక ఏళ్ల తరబడి ఆగాడు. 36 ఏళ్ల వయసులో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యంతో ఆట ముగించాడు. ఈ పొజిషన్ ఎలా నడుస్తుందో ఆ ఒక్క కెరీర్‌లో ఉంది: ఆలస్యంగా మొదలుపెట్టవచ్చు, ఆలస్యంగా పండుతుంది, చాలాకాలం నిలుస్తుంది.

నష్టాలు రెండు, రెండూ పెద్దవే. ఒకటి కిట్ ఖర్చు. ప్యాడ్లు, కిక్కర్లు, హెల్మెట్, చెస్ట్ గార్డు, అన్నీ కలిపితే స్టిక్, షూ ఖర్చుకు చాలా రెట్లు. శ్రీజేశ్ తండ్రి కిట్ కొనడానికి ఇంట్లో ఆవును అమ్మిన సంగతి హాకీ వాళ్లందరికీ తెలుసు. కాబట్టి స్కూల్ లేదా అకాడమీ కిట్ ఇస్తుందా అని ముందే కనుక్కోండి. రెండోది, చోటు ఒక్కటే. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన 16 మందిలో గోలీ శ్రీజేశ్ ఒక్కడే, కృషన్ పాఠక్ రిజర్వు. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎతిమరుపు రజని దేశానికి ఏళ్ల తరబడి ఆడింది, కానీ అదే కాలంలో సవిత ఉండటంతో పెద్ద టోర్నీల్లో రెండో గోలీగానే ఎక్కువ ఉండాల్సి వచ్చింది. ఫార్వర్డ్‌కు ఆ చిక్కు లేదు, జట్టులో నలుగురైదుగురికి చోటుంటుంది.

ఇంకో కోణం కూడా ఉంది. జిల్లా స్థాయిలో మంచి గోలీలు దొరకరు, కాబట్టి నిజంగా ఇష్టపడి గోలీ అయ్యే పిల్లకు జిల్లా, రాష్ట్ర జట్లలో దారి చిన్నది. ఇష్టం లేనివాణ్ణి ఎత్తు చూసి తోయడం మాత్రం అన్యాయం.

డ్రాగ్‌ఫ్లిక్ పొజిషన్ కాదు

"మావాణ్ణి డ్రాగ్‌ఫ్లిక్కర్ చేయాలి" అనే కోరిక ఈ మధ్య బాగా పెరిగింది. పెనాల్టీ కార్నర్‌లో, అంటే డిఫెండర్ల తప్పుకు దొరికే అవకాశంలో, బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసరడమే డ్రాగ్‌ఫ్లిక్. పెరగడం సహజమే. భారత డిఫెండర్ హర్మన్‌ప్రీత్ సింగ్ పారిస్‌లో 10 గోల్స్ కొట్టి టోర్నీ టాప్ స్కోరర్ అయ్యాడు, లీగ్ వేలంలో అందరికంటే ఎక్కువగా 78 లక్షలు తీసుకున్నాడు. నిబంధనలు కూడా ఫ్లిక్‌కే అనుకూలం: పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్ హిట్ అయితే 460 మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు, ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు.

కానీ జుగ్‌రాజ్ సింగ్‌ను చూడండి. మంచి ఫ్లిక్కర్, లీగ్ వేలంలో 48 లక్షలు పలికినవాడు, పారిస్‌కు రిజర్వుగానే వెళ్లాడు. 16 మందిలో చోటు తక్కువ, ప్రతివాడూ కనీసం రెండు పనులు చేయాలి. అమిత్ రోహిదాస్ డిఫెండర్, పైగా పెనాల్టీ కార్నర్‌లో ఎదురుగా ఫ్లిక్ మీదికి దూసుకెళ్లే మొదటి రషర్, అవసరమైతే ఫ్లిక్ కూడా చేస్తాడు. అలాంటివాణ్ణి వదిలిపెట్టడం ఏ కోచ్‌కైనా కష్టం.

పైగా డ్రాగ్‌ఫ్లిక్ నడుము మీద, తుంటి మీద పెద్ద భారం. ఎదుగుతున్న పిల్లాడు రోజూ వందల ఫ్లిక్‌లు కొట్టడం గొప్ప కాదు, గాయాన్ని పిలవడం. 15 దాటేదాకా కాళ్ల అడుగులు, చేతుల కదలిక నేర్పండి, బలం తర్వాత చూసుకోవచ్చు. హర్మన్‌ప్రీత్ ఆట గురించి చెప్పేటప్పుడు పొలంలో ట్రాక్టర్ నడిపిన చేతుల బలం గురించి చెబుతారు. జలంధర్‌లోని సుర్జీత్ అకాడమీకి అతను వెళ్లింది 15 ఏళ్లకు.

అందరూ మర్చిపోయే సంగతి ఒకటి: కార్నర్‌లో బంతిని లోపలికి తోసే ఇంజెక్టర్, దాన్ని ఆపే స్టాపర్ లేకుండా ఫ్లిక్కర్ లేడు. వేగంగా, గురి తప్పకుండా పుష్ చేయగల ఫార్వర్డ్‌కు అదే రెండో పని అవుతుంది. ట్రయల్స్‌లో "ఇంజెక్షన్ ఎవరికి వచ్చు?" అని అడిగితే లేచే చేతులు తక్కువ.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఫార్వర్డ్ | హాఫ్ | బ్యాక్ | గోలీ |
|---|---|---|---|---|
| ముఖ్యంగా చూడాల్సింది | డీలో చురుకు, రీబౌండ్ | తల ఎత్తి చూడటం, దమ్ము | ఓపిక, నిలబడే చోటు | ధైర్యం, గోల్ తిన్నాక తీరు |
| ప్రతిభ తెలిసే వయసు | త్వరగా | 14-16 మధ్య | 15 తర్వాత | ఇంకా ఆలస్యంగా |
| పోటీ | చాలా ఎక్కువ | మధ్యస్థం | లెఫ్ట్ బ్యాక్‌కు తక్కువ | కింద తక్కువ, పైన చాలా ఎక్కువ |
| ఖర్చు | మామూలు | మామూలు | మామూలు | ఎక్కువ |
| తర్వాత మారడం | హాఫ్, బ్యాక్‌లోకి సులభం | ఎటైనా | హాఫ్‌లోకి కొంతవరకు | దాదాపు కుదరదు |
| పనికొచ్చే రెండో పని | ఇంజెక్షన్, డిఫ్లెక్షన్ | స్టాపింగ్, ఫ్రీ హిట్లు | ఫ్లిక్, రషింగ్, గాలి పాస్ | షూటౌట్, బ్యాక్‌లను నడపడం |

పట్టికలో ఎక్కువగా ఆలోచించాల్సిన వరుస "తర్వాత మారడం". 13 ఏళ్లకు పొరపాటు నిర్ణయం తీసుకున్నా హాఫ్‌గా ఉన్నవాడు దాన్ని సరిచేసుకోగలడు, గోలీ సరిచేసుకోలేడు.

మీ పరిస్థితి ఏది?

పిల్లకు 13 లోపు అయితే పొజిషన్ గురించి అడగనే అడగకండి. ప్రతి టోర్నీలో వేరే చోట ఆడించమని కోచ్‌ను కోరండి, గోలీగా కూడా ఒకటి రెండు మ్యాచ్‌లు. ఐదుగురేసి ఆడే చిన్న మైదానం ఆట ఈ వయసుకు బాగా పనికొస్తుంది. ప్రతివాడికీ బంతి పదేపదే తగులుతుంది, దాక్కోవడానికి చోటుండదు.

14-16 మధ్య ఉంటే ఒక ముఖ్య పొజిషన్, ఒక పక్క పొజిషన్, ఒక కార్నర్ పని, ఈ మూడూ తేల్చుకోండి. ట్రయల్ ఫారం మీద ఒక్క పొజిషనే రాస్తారు, నోటితో మాత్రం మూడూ చెప్పాలి.

17 దాటి, ఇప్పటికీ జిల్లా స్థాయిలోనే ఉండి, ఫార్వర్డ్‌గా రాష్ట్ర జట్టులో చోటు దొరకని అబ్బాయికి నా సలహా కాస్త కటువుగా ఉంటుంది. లెఫ్ట్ బ్యాక్‌కు మారి ఒక సీజన్ ఆడు. అది కూడా నచ్చకపోతే ఆటను ఆనందం కోసం ఆడు, చదువును ముందుకు తెచ్చుకో.

చిన్న ఊళ్లో, టర్ఫ్ లేకుండా ఆడే అమ్మాయి ఉందనుకోండి. అక్కడ పొజిషన్ కంటే హాస్టల్ ముఖ్యం. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ నాలుగో తరగతిలోనే తీసుకుంటుంది, అదీ పరుగు, దూకడం లాంటి పరీక్షలతో, హాకీ నైపుణ్యంతో కాదు. అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల క్రీడా గ్రామంలో హాకీ ఉంది. కొంచెం పెద్దయ్యాక అయితే సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రాల ట్రయల్స్ చూడాలి. టర్ఫ్, రోజువారీ కోచ్, మంచి తిండి, ఈ మూడూ దొరికే చోటికి చేరితే పొజిషన్ అక్కడే తేలుతుంది.

ప్రొఫెషనల్ అవుతాడా?

ఇక్కడ రెండు వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. ఇండియాకు ఆడతాడా అన్నది ఒకటి, హాకీ వల్ల బతుకు నిలబడుతుందా అన్నది ఇంకొకటి. రెండోదానికి అవకాశం మొదటిదానికంటే చాలా ఎక్కువ.

లీగ్ సంగతి చూద్దాం. ఏడేళ్ల విరామం తర్వాత తిరిగి మొదలైన 2024-25 సీజన్‌లో పురుషుల జట్లు ఎనిమిది, మన హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. ఒక్కో జట్టులో 24 మంది, అందులో భారతీయులు కనీసం 16 మంది, ఆ 16లో నలుగురు జూనియర్లు. అంటే దేశం మొత్తానికి 128 చోట్లు. కనీస ధర 2 లక్షలు. ఫార్వర్డ్ అభిషేక్ 72 లక్షలు తీసుకున్నది నిజమే, కానీ ఎక్కువమంది అందుకునేది ఆ కింది అంకెలే. అదీ ఏడాదికి కొన్ని వారాల ఆట. పొజిషన్ ప్రకారం చూస్తే ఫ్లిక్కర్, ఫార్వర్డ్, మిడ్‌ఫీల్డర్ ముగ్గురూ 70 లక్షలు, ఆపైనే పలికారు. గోలీలు ఎవరూ ఆ దరిదాపుల్లోకి రాలేదు.

అసలు బతుకు నిలబెట్టేది ఉద్యోగం. రైల్వేస్, ఇండియన్ ఆయిల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు, సైన్యం, పోలీసు శాఖలు, కొన్ని బ్యాంకులు క్రీడా కోటాలో తీసుకుంటాయి. సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే కార్యాలయం మనకు పక్కనే ఉంది. వీళ్లందరూ చూసేది సర్టిఫికెట్: జాతీయ స్థాయిలో ఆడాడా, ఏ టోర్నీ, జట్టు ఎన్నో స్థానంలో నిలిచింది. కోటా నియమాలు నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి కాబట్టి, ఏ టోర్నీ సర్టిఫికెట్ చెల్లుతుందో ముందే చదవండి. డబ్బులు కట్టించుకుని "నేషనల్స్" అని పేరు పెట్టి నడిపే టోర్నీల సర్టిఫికెట్లు కోటాలో పనికిరాక బాధపడే కుటుంబాలు ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ పాస్ కాకపోతే ఎంత ఆట ఉన్నా కోటా దగ్గరే ఆగిపోతారు. ప్రాక్టీస్ కోసం పరీక్ష మానిపించే కోచ్ ఉంటే, కోచ్‌ను మార్చండి.

స్థాయి గురించి చేదు నిజం ఒకటి చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో హాకీ ఆడేవాళ్లు తక్కువ కాబట్టి రాష్ట్ర జట్టులో చోటు దొరకడం హరియాణా, ఒడిశా, పంజాబ్‌లలోకంటే సులువు. కాబట్టి "స్టేట్ ఆడాడు" అన్నది ప్రతిభకు గట్టి సాక్ష్యం కాదు. సబ్ జూనియర్ నేషనల్స్‌లో ఒడిశా మీదో జార్ఖండ్ మీదో మ్యాచ్ పడినప్పుడు వాడు ఎలా ఆడాడు? 0-9తో ఓడిన మ్యాచ్‌లో కూడా ఫస్ట్ టచ్ నిలిచిందా, చివరి క్వార్టర్‌లో ఇంకా బంతి అడుగుతున్నాడా? ఆ మ్యాచ్ వీడియో ఉంటే పదిసార్లు చూడండి. బలహీన జట్టు మీద ఐదు గోల్స్ కొట్టిన మ్యాచ్ వీడియో వాట్సాప్ స్టేటస్‌కు సరిపోతుంది, అంచనాకు సరిపోదు.

16 ఏళ్ల నాటికి ఇవి ఉంటే ముందుకెళ్లే అవకాశం ఉందనుకోవచ్చు: టర్ఫ్ మీద ఒత్తిడిలో నమ్మదగిన ఫస్ట్ టచ్, రెండు పొజిషన్లు ఆడగలగడం, కార్నర్‌లో ఒక పని, గాయాలు లేకుండా ఒక పూర్తి సీజన్, చెప్పకుండానే సొంతంగా ప్రాక్టీస్‌కు లేవడం. చివరిది మీరు అలారం పెట్టి లేపితే లెక్కలోకి రాదు.

ఇక కోచ్‌తో మాట్లాడేటప్పుడు "మావాణ్ణి ఎప్పుడు ఫార్వర్డ్‌లో పెడతారు సార్?" అని అడగకండి. "వచ్చే ఆర్నెల్లలో వాడికి ఏ ఒక్కటి నేర్పాలనుకుంటున్నారు?" అని అడగండి. రివర్స్ ట్యాకిల్ అనో, గాలి పాస్ అనో, పక్కకు తిరిగి బంతి తీసుకోవడం అనో స్పష్టంగా జవాబిస్తే, ఆయన పెట్టిన చోటే ఆర్నెల్లు ఆడనివ్వండి. "చూద్దాం" అంటే మాత్రం, దగ్గర్లో ఇంకో గ్రౌండ్ ఉందేమో వెతకడం మొదలుపెట్టండి.